2013–14 లా లిగా: అట్లెటికో గెలిచిందా, మిగిలిన ఇద్దరూ చేజార్చుకున్నారా?

పాతస్కోరుకార్డు (గుంటూరు)

మిత్రులందరికీ నమస్కారం. ఇక్కడ స్పానిష్ లీగ్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా చర్చ మెస్సీ, రొనాల్డోల దగ్గర మొదలై వాళ్ల దగ్గరే ముగుస్తోంది కాబట్టి, ఈసారి ఒకే ఒక్క సీజన్‌ను తీసుకొని నింపాదిగా మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. 2013–14లో అట్లెటికో మాడ్రిడ్ 90 పాయింట్లతో ఛాంపియన్ అయింది. బార్సిలోనా, రియల్ మాడ్రిడ్ చెరి 87 పాయింట్ల దగ్గర ఆగిపోయాయి. అంతకు ముందు తొమ్మిదేళ్లూ, అంటే 2003–04లో వాలెన్సియా గెలిచిన తరువాత, ఆ రెండు క్లబ్బులు తప్ప మరెవరూ టైటిల్ ముఖం చూడలేదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అట్లెటికో కోచ్ సిమియోనె జట్టు పట్ల నాకు గౌరవమే గానీ, ఆ ఏడాది టైటిల్‌ను వాళ్లు గెలిచారనడం కంటే మిగిలిన ఇద్దరూ పోగొట్టుకున్నారనడమే న్యాయమని నేను అనుకుంటాను. మే నెల మొదటి పదిహేను రోజులే చూడండి. మే 3న బార్సిలోనా సొంత మైదానంలో గెటాఫేతో 2–2 డ్రా చేసుకుంది. మరునాడు రియల్ కూడా వాలెన్సియాతో 2–2తోనే సరిపెట్టుకుంది. మే 7న రియల్ వాయదొలిద్‌లో 1–1, మే 11న సెల్టా చేతిలో 0–2, అదే సాయంత్రం బార్సిలోనా ఎల్చేలో 0–0. వాయదొలిద్ ఆ ఏడాదే కింది డివిజన్‌కు పడిపోయిన జట్టు. ఇలాంటి జట్ల మీద ఇన్ని పాయింట్లు వదులుకున్న వాళ్లను దాటి ముందుకు వెళ్లడం ఎంత గొప్ప?

కాటలాన్‌గాలి (హైదరాబాదు)

బార్సిలోనా అభిమానిగా మీ మాటతో సగం ఏకీభవిస్తాను. ఆ ఏడాది మా క్లబ్బులో ఆట తప్ప మిగతావన్నీ జరిగాయి. నెయ్‌మార్ కొనుగోలు వ్యవహారం కోర్టుకెక్కి జనవరిలో అధ్యక్షుడు రోసెల్ రాజీనామా చేశారు. అనారోగ్యం వల్ల 2013 వేసవిలో కోచ్ బాధ్యత వదులుకున్న టీటో విలనోవా ఏప్రిల్ 25న కన్నుమూశారు. ఆయన స్థానంలో వచ్చిన మార్తీనోకు స్పెయిన్‌లో కోచ్‌గా అదే మొదటి ఏడాది. ఇన్ని ఉన్నా చివరి రోజున మా మైదానంలో అట్లెటికో మీద ఒక్క గెలుపు చాలు అన్న స్థితికి వచ్చామంటే, జట్టులో సత్తువ మిగిలే ఉందన్నమాట.

ఆ చివరి రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. 2014 మే 17, శనివారం, మన సమయం ప్రకారం రాత్రి 9:30. అంతకు ముందు రోజే ఎన్నికల ఓట్ల లెక్కింపు జరిగింది కాబట్టి ఇంట్లో మా నాన్నగారు, బాబాయి వార్తా ఛానెళ్లు వదిలే స్థితిలో లేరు. ఎవరు ఎన్ని ఓట్లతో గెలిచారు, ఎవరి డిపాజిట్ గల్లంతైంది అన్నదే లోకం. బతిమాలి, బామాలి, ప్రతి పదిహేను నిమిషాలకు అయిదు నిమిషాలు వార్తలు పెడతానని ఒప్పందం చేసుకొని రిమోట్ సంపాదించాను. 33వ నిమిషంలో అలెక్సిస్ సాంచెజ్ కొట్టిన గోల్ చూశాను. ఫాబ్రెగాస్ ఎత్తి వేసిన బంతిని మెస్సీ ఛాతీతో దించితే, అంత ఇరుకు కోణం నుంచి అది గోల్‌లోకి ఎలా దూరిందో ఇప్పటికీ అంతుబట్టదు. 49వ నిమిషంలో అట్లెటికో ఆటగాడు గోదీన్ 1–1గా సమం చేసిన హెడర్ మాత్రం చూడలేదు. ఒప్పందం ప్రకారం అప్పుడు వార్తలు నడుస్తున్నాయి.

తెల్లచొక్కా (విశాఖపట్నం)

రియల్ అభిమానులం ఆ లీగ్ గురించి పెద్దగా బాధపడలేదన్నది నిజం. వారం తిరిగేసరికి లిస్బన్‌లో పదో యూరోపియన్ కప్పు, అదే ఛాంపియన్స్ లీగ్, చేతికొచ్చింది కదా. మా కోచ్ అన్చెలోట్టి దృష్టి అంతా ఏప్రిల్ నుంచి దాని మీదే ఉందని నా నమ్మకం. వాయదొలిద్ ఆటలో రొనాల్డో మొదట్లోనే గాయంతో బయటికి వెళ్లిపోయాడు, సెల్టా ఆటకు దిగనే లేదు. లీగ్‌ను మేము వదిలేశామనే అంటాను. అంచేత పాతస్కోరుకార్డు గారి వాదనే సరైనదని నా ఓటు.

లెక్కలమాస్టారు (వరంగల్లు)

వదిలేశామన్న మాట చాలా సుఖంగా ఉంటుంది గానీ, తెల్లచొక్కా గారూ, పట్టిక ఆ మాట ఒప్పుకోదు. కాగితం, పెన్సిలు తీసుకొని కూర్చుంటే ఈ సీజన్‌లో ఒక విచిత్రం బయటపడుతుంది.

ముందు ఈ మూడు జట్లూ తమలో తాము ఆడుకున్న ఆటలు విడిగా తీయండి. ఒక్కో జట్టుకు నాలుగు ఆటలు, 12 పాయింట్లు. బార్సిలోనా రియల్‌ను రెండుసార్లూ ఓడించింది: అక్టోబరులో 2–1, మార్చి 23న రియల్ మైదానం బెర్నాబేవులో 4–3. అట్లెటికోతో రెండూ డ్రాలే, 0–0, 1–1. మొత్తం 8. అట్లెటికో సెప్టెంబరు 28న బెర్నాబేవులో కోస్తా గోల్‌తో 1–0గా గెలిచింది, మార్చి 2న తన సొంత మైదానం కాల్దెరోన్‌లో 2–2. బార్సిలోనాతో రెండు డ్రాలు కలుపుకుంటే 6. ఇక రియల్ మాడ్రిడ్‌కు వచ్చినవెన్ని? ఒకటి. పన్నెండులో ఒకటి.

ఇప్పుడు మిగిలిన 17 జట్లతో ఆడిన 34 ఆటలు చూడండి. మొత్తం పాయింట్లలోంచి పైవి తీసేస్తే బార్సిలోనాకు 79, అట్లెటికోకు 84, రియల్‌కు 86. అంటే చిన్న జట్ల మీద అందరికంటే బాగా ఆడింది రియలే. 34 ఆటల్లో సెవియ్యా, సెల్టాల చేతుల్లో తప్ప ఓడలేదు. బార్సిలోనాను ఓడించిన వాళ్లు అయిదుగురు: అత్లెతిక్ బిల్బావో, వాలెన్సియా, రియల్ సొసియెదాద్, వాయదొలిద్, గ్రనాదా. పెద్ద జట్ల ముందు రియల్ చతికిలబడింది, చిన్న జట్ల దగ్గర బార్సిలోనా కాలు జారింది. అట్లెటికోను ఆ పెద్ద జట్లు రెండూ ఒక్కసారి కూడా ఓడించలేకపోయాయి, చిన్న జట్ల మీద కూడా అది రియల్‌కు రెండే పాయింట్లు వెనక. మే నెల పదిహేను రోజులు చూసి తీర్పు చెప్పడం, సంవత్సరమంతా చదివిన పిల్లవాడి ఫలితాన్ని ఆఖరి పేపరు చూసి నిర్ణయించినట్టుంది.

పాతస్కోరుకార్డు (గుంటూరు)

మాస్టారు గారికి నమస్కారం. 86 అన్న సంఖ్య నన్ను నిజంగా ఆశ్చర్యపరిచింది, రెండుసార్లు సరిచూసుకున్నాను. కానీ నా ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. అదే మే నెలలో అట్లెటికో కూడా తడబడింది కదా? మే 4న లెవాంతెలో 0–2. అందులో మొదటి గోల్ ఫిలిపె లూయిస్ తన గోల్‌లో తానే వేసుకున్నది. మే 11న సొంత మైదానంలో మలగాతో 1–1. చివరి మూడు ఆటల్లో వాళ్లకు వచ్చినవి రెండే పాయింట్లు. ముగ్గురూ తూలుతూ నడుస్తుంటే, ముందు నడుస్తున్నవాడు గీత దాటాడు.

కొత్తచూపరి (కాకినాడ)

పెద్దలు మాట్లాడుకుంటుండగా మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాకు అట్లెటికో పేరు తెలిసింది 2014 చివర్లో, మన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) మొదటి ఏడాది అట్లెటికో డి కోల్‌కతా గెలిచినప్పుడు. ఆ ఎరుపు తెలుపు చారల చొక్కా ఎక్కడిదా అని వెతికితే మాడ్రిడ్ క్లబ్బు అప్పట్లో అందులో భాగస్వామి అని తెలిసింది. నా సందేహం చిన్నది. చివరి రోజు ఆటకు ముందు అట్లెటికోకు 89, బార్సిలోనాకు 86 పాయింట్లు కదా. బార్సిలోనా గెలిస్తే ఇద్దరికీ 89 అవుతాయి. అప్పుడు బార్సిలోనాయే ఛాంపియన్ అని ఎలా తేలుతుంది?

లెక్కలమాస్టారు (వరంగల్లు)

మంచి ప్రశ్న, నాయనా. స్పెయిన్‌లో పాయింట్లు సమానమైతే ముందు ఆ రెండు జట్ల మధ్య జరిగిన ఆటలను చూస్తారు, సీజన్ మొత్తం గోల్ తేడా ఆ తరువాతి మాట. జనవరి 11న కాల్దెరోన్‌లో 0–0 అయింది కాబట్టి, తన మైదానం క్యాంప్ నౌలో ఎంత తేడాతో గెలిచినా బార్సిలోనాదే పైచేయి. ఇంగ్లండ్‌లోలాగా గోల్ తేడానే ముందు చూసినా అట్లెటికోకు ఒరిగేదేమీ లేదు, ఆ రోజుకు బార్సిలోనాకు 67, అట్లెటికోకు 51 ఉన్నాయి. అట్లెటికో ఓడకూడదు, అంతే లెక్క.

గోల్‌పోస్ట్‌వెనక (బెంగళూరు)

విశ్వవిద్యాలయ జట్టుకు నాలుగేళ్లు గోల్‌కీపర్‌గా ఆడినవాడిగా నాదొక మాట. ఇక్కడ అందరూ ఎవరు ఎక్కడ పాయింట్లు పోగొట్టుకున్నారన్నదే మాట్లాడుతున్నారు. అట్లెటికో ఎక్కడ సంపాదించిందో చూద్దాం.

ఫిబ్రవరిలో వాళ్ల పని అయిపోయిందనే అందరూ అనుకున్నారు. అల్మెరియాలో 0–2, ఒసాసునాలో 0–3, రెండు వారాల తేడాలో. ఆ తరువాత రియల్‌తో 2–2. అక్కడి నుంచి మార్చి 8న సెల్టాతో మొదలై ఏప్రిల్ 27న వాలెన్సియాతో ముగిసేదాకా వరుసగా తొమ్మిది ఆటలు గెలిచారు. ఆ తొమ్మిదింటిలో కొట్టిన గోల్స్ 14. ఇచ్చినది ఒక్కటి, బిల్బావోలో మునియాయిన్ కొట్టినది. ఎస్పాన్యోల్, గ్రనాదా, వియ్యారెయాల్, వాలెన్సియా, ఈ నలుగురి మీదా 1–0. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్‌ఫైనల్, సెమీఫైనల్ ఆడుతూ, వారానికి రెండు ఆటలతో, ఒక్క గోల్ ఆధిక్యాన్ని మళ్లీ మళ్లీ గంటల తరబడి కాపాడుకోవడం ఎంత కష్టమో గోల్ దగ్గర నిలబడ్డవాడికి తెలుస్తుంది. రియల్ 104 గోల్స్ కొట్టింది, బార్సిలోనా 100. ఛాంపియన్ కొట్టినవి 77 మాత్రమే, కానీ 38 ఆటల్లో ఇచ్చినవి 26.

వాళ్ల పద్ధతి చూడండి. 4–4–2, పాతకాలం అమరిక. కానీ ఆ రెండు నలుగురి వరుసల మధ్య జాగా ఎప్పుడూ చాలా తక్కువ. మధ్యలో గాబి, అతని పక్కన తియాగో గానీ మారియో సువారెజ్ గానీ ఉంటారు. అంచుల్లో ఉండవలసిన కోకె, అర్దా తురాన్ కూడా లోపలికి ముడుచుకొని నిలబడతారు. అంటే అంచు నీకు వదిలేశాం, కావాలంటే అక్కడి నుంచి బంతి ఎత్తి వేసుకో అన్నట్టు. వేస్తే ఏమవుతుంది? మిరాండా, గోదీన్‌ల తలలు అక్కడే ఉంటాయి, వాళ్ల వెనక కుర్త్వా చేతులున్నాయి. చెల్సీ నుంచి అరువు మీద వచ్చిన ఆ కుర్రాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు నిండీ నిండకుండా ఉన్నాయి. మధ్యలోంచి చిన్న పాసులతో చొచ్చుకువెళ్లడం అలవాటైన బార్సిలోనాకు ఈ గోడ ఎంత చిరాకు తెప్పించిందో చెప్పడానికి ఒక్క లెక్క చాలు: సూపర్ కప్, లీగ్, ఛాంపియన్స్ లీగ్ కలిపి ఆ సీజన్‌లో ఈ రెండు జట్లూ ఆరుసార్లు తలపడితే బార్సిలోనా ఒక్కసారి కూడా గెలవలేదు.

కాటలాన్‌గాలి (హైదరాబాదు)

ఆరుసార్లు అన్నది కాదనలేని నిజం. కానీ ఆరోసారి సంగతి నేను మరచిపోలేను. 1–1 మీద ఉండగా మెస్సీ బంతిని గోల్‌లోకి కొట్టాడు, ఆఫ్‌సైడ్ అని జెండా లేచింది. ఆ బంతి మెస్సీ దగ్గరికి అట్లెటికో ఆటగాడు హువాన్‌ఫ్రాన్‌కు తగిలి వచ్చిందని, కాబట్టి గోల్ ఇవ్వవలసిందేనని మా వాళ్లందరి వాదన. అప్పటికి వీడియో పరిశీలన లేదు. ఉండి ఉంటే ఈ చర్చకు శీర్షిక మరోలా ఉండేది.

నెప్టూన్‌వీధి (మాడ్రిడ్)

నేను ఆ ఏడాది ఉద్యోగరీత్యా మాడ్రిడ్‌లోనే ఉన్నాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. కాటలాన్‌గాలి గారి ఆఫ్‌సైడ్ బాధను కాదనను. అయితే అదే ఆటలో 16వ నిమిషంలో కోస్తా, 23వ నిమిషంలో అర్దా తురాన్ గాయాలతో వెళ్లిపోయారని కూడా గుర్తుంచుకోవాలి. కోస్తా ఆ ఏడాది లీగ్‌లో 27 గోల్స్ కొట్టినవాడు, రొనాల్డో, మెస్సీల తరువాత అతనే. అర్దా బెంచీ మీద కూర్చుని ఏడ్వడం టీవీలో చూపించారు. నేను చూస్తున్న చోట, ఒక మూల బారులో, అప్పటిదాకా అరుస్తున్నవాళ్లంతా ఒక్కసారిగా గ్లాసుల వైపు చూడటం మొదలుపెట్టారు. పది నిమిషాలకు బార్సిలోనా గోల్. పక్కన నిలబడ్డ పెద్దాయన, నాకు అప్పట్లో అంతంతమాత్రంగా వచ్చిన స్పానిష్‌లో అర్థమైనంత వరకు, మనకు ఎప్పుడూ ఇంతే అన్నాడు.

ఆ మాట వెనక పెద్ద కథ ఉంది. 1974 యూరోపియన్ కప్ ఫైనల్లో బయెర్న్ మ్యూనిక్ మీద అదనపు సమయంలో, 114వ నిమిషంలో, లూయిస్ అరగోనెస్ ఫ్రీకిక్‌తో అట్లెటికో ముందంజ వేసింది. చివరి నిమిషంలో ష్వార్జెన్‌బెక్ దూరం నుంచి కొట్టిన బంతితో సమమైంది. రెండు రోజుల తరువాత మళ్లీ ఆడితే 0–4. ఆ అరగోనెసే తరువాత కోచ్‌గా 1976–77 లీగ్ గెలిపించి, 2008లో స్పెయిన్‌కు యూరో కప్పు తెచ్చిపెట్టాడు. ఆయన 2014 ఫిబ్రవరి 1న చనిపోయాడు. మరునాడు కాల్దెరోన్‌లో రియల్ సొసియెదాద్ మీద 4–0తో గెలిచి అట్లెటికో పట్టికలో ఒంటరిగా మొదటి స్థానానికి చేరింది. 1996లో టైటిల్ గెలిచిన తరువాత ఆ స్థానం దక్కడం అదే మొదటిసారి. మొదటి గోల్ డేవిడ్ విల్లాది, యూరో 2008లో అరగోనెస్ జట్టుకు గోల్స్ కొట్టినవాడిది. మధ్యలో 2000లో కింది డివిజన్‌కు పడిపోయిన క్లబ్బు ఇది. కాబట్టి ఆ పెద్దాయన మాటలో ఫిర్యాదు కంటే అలవాటే ఎక్కువ వినిపించింది నాకు.

గోదీన్ గోల్ సంగతి రాయకుండా ఉండలేను. విరామం తరువాత ఆట మొదలవుతూనే విల్లా కొట్టిన బంతి గోల్ స్తంభానికి తగిలింది. మూడు నిమిషాలకు కార్నర్. గాబి వేశాడు. గోదీన్ అందరికంటే పైకి లేచి తలతో కొట్టాడు. బారులో టీవీ కంటే ముందు వీధిలోంచి కేక వినిపించింది. మా టీవీలో బంతి ఇంకా గాలిలోనే ఉంది.

తెల్లచొక్కా (విశాఖపట్నం)

నెప్టూన్‌వీధి గారూ, మీరు ఉన్న చోట ఆ సాయంత్రం మా వాళ్లు ఎలా ఉన్నారో కూడా రాయండి. పోతే, మాస్టారి లెక్క చూశాక వదిలేశామన్న మాటను వెనక్కి తీసుకుంటున్నాను. బార్సిలోనాతో 3–4గా ఓడిన ఆటలో రామోస్‌ను బయటికి పంపడం, మెస్సీ మూడు గోల్స్‌లో రెండు పెనాల్టీలే కావడం అప్పట్లో మాకు పెద్ద గాయం. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే మాకు 90, అట్లెటికోకు 90. అప్పుడు కూడా వాళ్లతో మా రెండు ఆటలు చూస్తే వాళ్లే పైన. ఈ సంగతి ఇన్నేళ్లూ నాకు తట్టలేదు.

నెప్టూన్‌వీధి (మాడ్రిడ్)

రియల్ వాళ్లు సిబెలెస్ ఫౌంటెన్ దగ్గర, అట్లెటికో వాళ్లు నెప్టూన్ ఫౌంటెన్ దగ్గర పండుగ చేసుకుంటారు. ఈ రెంటికీ మధ్య నడిస్తే పది నిమిషాల దూరం. మరునాడు నేను సిబెలెస్ వైపు నుంచే నడిచి వెళ్లాను. అక్కడ మామూలు ఆదివారంలాగే పర్యాటకులు ఫొటోలు తీసుకుంటున్నారు. పది నిమిషాల తరువాత అడుగు పెట్టడానికి చోటు లేదు. ఒక మాట మాత్రం కాటలాన్‌గాలి గారికి చెప్పాలి: ఆట ముగిశాక క్యాంప్ నౌ ప్రేక్షకులు అట్లెటికోకు చప్పట్లు కొట్టారు. ఆ సంగతి ఇక్కడ చాలామంది ఇప్పటికీ తలుచుకుంటారు.

గోల్‌పోస్ట్‌వెనక (బెంగళూరు)

డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు. ఆ వేసవిలోనే అట్లెటికో తన ప్రధాన స్ట్రైకర్ ఫాల్కావోను మొనాకోకు 60 మిలియన్ యూరోలకు అమ్ముకుంది, బార్సిలోనా వద్దనుకున్న విల్లాను మహా అయితే 5 మిలియన్లకు తెచ్చుకుంది. రియల్ అదే వేసవిలో బేల్ ఒక్కడి మీదే 100 మిలియన్ల దాకా పెట్టిందని లెక్క. స్పెయిన్‌లో అప్పుడు ఏ క్లబ్బుకు ఆ క్లబ్బు తన టీవీ హక్కులను విడిగా అమ్ముకునేది కాబట్టి, రియల్, బార్సిలోనాలకు వచ్చేది అట్లెటికోకు వచ్చేదానికి మూడు రెట్ల పైమాటే. అందరి హక్కులూ కలిపి అమ్మాలన్న ప్రభుత్వ ఉత్తర్వు 2015లో గానీ రాలేదు. మూడో వంతు ఆదాయంతో మూడు పాయింట్లు ముందుండటాన్ని తూలుతూ గీత దాటడమని అనడం నాకు మనస్కరించదు, పాతస్కోరుకార్డు గారూ.

పాతస్కోరుకార్డు (గుంటూరు)

నిన్నటి నుంచి మీరందరూ రాసినవి చదివి, ఈ మధ్యాహ్నం కూర్చొని మలగా ఆట మళ్లీ చూశాను. చివరి ఆట గురించి అందరికీ తెలుసు, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఆఖరు రెండు వారాలూ టైటిల్‌తో సంబంధమున్న ఆటలన్నీ ఒకే సమయంలో జరుగుతాయి కదా. మే 11 సాయంత్రం ఎల్చేలో బార్సిలోనా గోల్ కొట్టలేకపోతోంది, సెల్టా ఊరు విగోలో రియల్ ఓడిపోతోంది, కాల్దెరోన్‌లో అట్లెటికోకు గెలుపు ఒక్కటే కావాలి. గెలిస్తే 91, ఇక బార్సిలోనాకు అందేది కాదు. మలగా కోచ్ ఎవరంటే బెర్న్డ్ షుస్టర్, ఆటగాడిగా బార్సిలోనాకూ రియల్‌కూ అట్లెటికోకూ ముగ్గురికీ ఆడినవాడు. 65వ నిమిషంలో మలగా ముందంజ వేసింది, 74వ నిమిషంలో ఆల్డర్‌వీరెల్డ్ తలతో సమం చేశాడు. ఇక ఆట ముగుస్తుందనగా అడ్రియాన్ కొట్టిన బంతి వంపు తిరిగి గోల్ మూలకు వెళ్తోంది. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. గోల్‌కీపర్ విల్లీ కబయ్యెరో గాలిలోకి ఎగిరి వేళ్లతో దాన్ని బయటికి నెట్టాడు.

అదృష్టం అట్లెటికో పక్షాన ఉందని ఈ చర్చ మొదలుపెట్టింది నేనే. ఆ బంతి లోపలికి వెళ్లి ఉంటే టైటిల్ ఆ సాయంత్రమే, సొంత మైదానంలోనే తేలిపోయేది. క్యాంప్ నౌలో ఆట లాంఛనం అయ్యేది, కోస్తాను గాయంతో దింపవలసిన అవసరం ఉండేది కాదేమో, రియల్‌తో లిస్బన్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో అతను తొమ్మిది నిమిషాలకే బయటికి వచ్చేవాడూ కాదేమో. కబయ్యెరో చేతి వేళ్ల దగ్గర ఆ వీడియోను అయిదారుసార్లు ఆపి చూశాను. గోల్‌పోస్ట్‌వెనక గారూ, మీరు గోల్‌కీపర్‌గా ఆడారు కదా, అది ఆపగలిగిన బంతేనా?

గోల్‌పోస్ట్‌వెనక (బెంగళూరు)

ఇప్పుడే చూశాను. నేనైతే నిలబడ్డ చోటి నుంచి కదిలేవాణ్ని కాదు.